ఎక్కుడే గని దిగుడు లేదు

నూర్‌బాగ్‌లో ఏ పిట్ట వాలినా ముందు రాధాకృష్ణమూర్తిగారి అనుమతి తీసుకునే వాలాలని అక్కడ వాకింగ్‌కు వచ్చేవాళ్ళు హాస్యమాడుతుంటారు. అందులో అబద్ధం పాలు తక్కువే. నాంపల్లి స్టేషన్ వెనకవైపు, నాలుగు వీధుల మధ్య ఇరుక్కుని ఎలాగో మిగిలిపోయిన ఆ పాతకాలపు తోటలో ఇరవై రెండేళ్ళుగా పిట్టల రిజిస్టరు రాస్తున్నది ఆయనే. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఒళ్ళో బిడ్డగా ఉన్నప్పుడు, యాభై ఆరులో, అమ్మానాన్నలతో హైదరాబాదు వచ్చాడు. ఈ ఊరి మాట, మర్యాద తనకు తెలిసినంతగా ఇక్కడ పుట్టినవాళ్ళకే తెలియదని ఆయన గట్టి నమ్మకం.

రిజిస్టరుకు ఒక నియమం ఉంది. కొత్త పిట్ట పేరు అందులోకి ఎక్కాలంటే ఫోటో అయినా ఉండాలి, ఇద్దరు కళ్ళారా చూసి అయినా ఉండాలి. ఆ నియమం పెట్టింది ఆయనే. దాన్నుంచి మినహాయింపు ఉన్నదీ ఆయన ఒక్కడికే. ఆ సంగతి ఎక్కడా రాసి లేదు గానీ అందరికీ తెలుసు.

జనవరి నెల, గురువారం. నుమాయిష్ ఎగ్జిబిషన్ జరిగే రోజులు కావడంతో రాత్రి జనం పారేసిన ఐస్‌క్రీం కాగితాలన్నీ గాలికి ఎగిరి తోటలోకే వచ్చి పడ్డాయి. యాదవ్వ చింతచెట్ల కింద ఊడుస్తోంది. యాభై దాటిన మనిషి, ఆకుపచ్చ జాకెట్టు మీద కొంగు బిగించి, పొడుగుకర్ర చీపురును నేలకు తగిలీ తగలనట్టు లాగుతుంది. మట్టి లేవదు, ఆకు మాత్రం కదులుతుంది. పన్నెండేళ్ళుగా ఆ తోట ఊడ్చేది ఆమే. ఆ పొద్దున చీపురు ఆపి, ఆయన్ను చెయ్యెత్తి పిలిచింది.

"సారూ, జర ఇటు రాండ్రి. గా చింతచెట్టు కాడ ఒక పిట్ట ఉన్నది. గీ తోటల ఎన్నడు చూడలే. గది ఉల్టా పిట్ట సారూ."

మూర్తిగారు గబగబా వచ్చి బైనాక్యులర్స్ ఎత్తాడు. కుడికంట్లో శుక్లం ముదిరి ఏడాదైంది. చలికాలం వచ్చే పిట్టలు వెళ్ళిపోయాక ఆపరేషన్ చేయించుకుంటానని భార్యతో రెండు చలికాలాలుగా చెబుతున్నాడు. ఆ కంటికి చింతమాను మీద ఏదో చిన్నది కదిలినట్టు అనిపించింది. అది మాను వెనక్కి తిరిగిపోయింది. అంతే.

కానీ చెవి కంటికంటే బాగా పనిచేసింది. ఉల్టా. అంటే తలకిందులు. చెట్టు మాను మీద తలకిందులుగా నడిచే చిన్న పిట్ట ఆయనకు తెలిసినంతలో ఒకటే ఉంది, నట్‌హాచ్. ఇరవై రెండేళ్ళలో నూర్‌బాగ్‌లో ఎవరూ చూడలేదు దాన్ని. మూర్తిగారి గుండె చిన్నపిల్లాడి గుండెలా గంతులేసింది.

"నట్‌హాచ్!" అన్నాడు.

"ఏమో సారూ, దాని పేరు నాకు ఎరుక లేదు. గది ఎట్ల ఉల్టా అంటే..."

"ఆగమ్మా, ముందు రాసుకోనీ."

సిమెంటు బెంచీ మీద కూర్చుని రిజిస్టరు తెరిచాడు. తేదీ, వేళ, చెట్టు, పిట్ట పేరు. 'చూసినవారు' అన్న గడిలో 'రా.కృ.మూర్తి' అని చుట్టగీతతో సంతకం చేశాడు. యాదవ్వ కాసేపు నిలబడింది. ఆయన తల ఎత్తలేదు. ఆమె మళ్ళీ చీపురు అందుకుంది.

ఆ పేజీని ఫోన్‌తో ఫోటో తీసి, తనతో పిట్టలు చూసే పక్షుల బృందానికి పంపాడు. ఆబిడ్స్‌లో పోస్టాఫీసు వెనక ఉన్న ఫ్లాటుకు చేరేలోపే నలభై అభినందనలు వచ్చిపడ్డాయి. ఆయన భార్య కోటేశ్వరమ్మ ఉప్మా ప్లేటు ముందు పెట్టి, ఫోన్ అందుకుని చూసింది.

"పేజీ ఫోటో ఉంది. పిట్ట ఫోటో ఏదండీ?"

"నేను చూశాను కదా."

"ఏ కంటితో?" అందామె.

మూర్తిగారు ఉప్మాలో జీడిపప్పు వెతకడంలో మునిగిపోయాడు.

*

శనివారం పొద్దున ఆరున్నరకల్లా తొమ్మిదిమంది దిగారు. మోచేయంత లెన్సులు, స్టాండులు, థర్మోఫ్లాస్కులు. ముందు నడుస్తున్నది సంహిత, కాలేజీలో జువాలజీ చెప్పే అమ్మాయి, బృందానికి కార్యదర్శి. మాట తక్కువ, చూపు ఎక్కువ.

మూర్తిగారు చింతచెట్టు కింద నిలబడి, పెళ్ళిపెద్ద భోజనాల వరస చూపించినట్టు చెయ్యి చాపి చూపించాడు. అందరూ మెడలు వెనక్కి వాల్చి కొమ్మలకేసి చూశారు. ఏడైంది, ఎనిమిదైంది. రామచిలుకలు వచ్చాయి, గోరింకలు వచ్చాయి, ఒక వడ్రంగిపిట్ట వచ్చి రెండు దెబ్బలు కొట్టి పోయింది. నట్‌హాచ్ రాలేదు. ఎండ ఎక్కే కొద్దీ లెన్సులు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

"వెన్ను నీలంగా కనబడిందా అంకుల్?" అని ఒకతను అడిగాడు.

మూర్తిగారు బైనాక్యులర్స్ అద్దాలు తుడవడం మొదలుపెట్టాడు. సంహిత దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, మర్యాదగానే అడిగింది. "మూర్తిగారూ, అది తలకిందులుగా దిగడం మీరు చూశారా?"

తొమ్మిదిమందీ ఆయన వైపే చూస్తున్నారు. చూడలేదమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఇరవై రెండేళ్ళ పెద్దరికం అడ్డుపడింది.

"అసలు ముందు చూసింది నేను కాదమ్మా. ఇక్కడ ఊడ్చే యాదవ్వ చూపించింది. ఉల్టా, ఉల్టా అని తనే అంది. ఏ ఉడతను చూసి అందో ఏమో!"

ఎవరో నవ్వారు. నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది. పదడుగుల అవతల యాదవ్వ ఆకులు నింపిన తట్ట నెత్తికెత్తుకోబోతోంది. తట్టను మళ్ళీ నేల మీద పెట్టింది. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆయన వైపు కన్నెత్తి కూడా చూడలేదు. మూర్తిగారు అంతా చూశాడు. ఎడమకన్ను బాగానే పనిచేస్తుంది ఆయనకు.

చూసినవాడు ఇంకొకడు కూడా ఉన్నాడు. తోటలో పనివాళ్ళ మీద కాంట్రాక్టరు పెట్టిన సూపర్‌వైజరు సురేందర్. ఆదివారం పొద్దున తోటలో ఎవరో కొత్తమనిషి దుమ్ము రేపుకుంటూ ఊడుస్తుంటే మూర్తిగారు అతన్ని అడిగాడు.

"యాదవ్వ ఏదయ్యా?"

"అఫ్జల్‌గంజ్ రోడ్డు డ్యూటీకి ఏసిన సార్. పని ఇడిచిపెట్టి పిట్టలు చూపిచ్చుడేంది? తొమ్మిది మంది పెద్దమనుషులను ఒట్టిగ తిప్పింది. మీరే అన్నరు గద సార్, ఉడతను చూసి పిట్ట అన్నదని."

"నేనేదో మాటవరసకు..."

"మీరు ఫికర్ చేయకుండ్రి సార్. మల్ల మీకు పరేషాన్ కాదు." సురేందర్ మేలు చేసినవాడిలాగే నవ్వి బండి స్టార్టు చేశాడు.

మూర్తిగారు ఆ రోజు ఒక్క పిట్టనూ రాసుకోకుండా ఇంటికి వచ్చాడు. కోటేశ్వరమ్మ మొహం చూసి సంగతి అడిగింది. ఆయన దాచకుండా చెప్పాడు. ఆమె చివరిదాకా విని, స్టవ్ కట్టేసింది.

"చూసింది ఆవిడ, పేరు మీది. తప్పు మీది, పేరు ఆవిడది. బాగుందండీ పంపకం!"

సిగ్గు ఒళ్ళంతా పాకింది ఆయనకు. తొడుక్కున్న చొక్కా విప్పకుండానే మళ్ళీ చెప్పులేసుకున్నాడు.

*

అఫ్జల్‌గంజ్ చౌరస్తాలో ఆదివారమైనా బస్సులకు ఆదివారం లేదు. యాదవ్వ డివైడరు పక్కన వంగి, పొట్టికర్ర చీపురుతో ఇసుక లాగుతోంది. మొహానికి కొంగు చుట్టుకుంది. ఒక ఆటో ఆమె మోచేతిని రాసుకుంటూ పోయింది. ఆమె ఒక అడుగు వెనక్కి వేసి, మళ్ళీ అదే చోటికి వచ్చింది. ఇక్కడ ఆమె నేర్పు ఎందుకూ పనికిరాదని మూర్తిగారికి అర్థమైంది. ఊడ్చిన చోట ఊడ్చినట్టే దుమ్ము వచ్చి పడుతోంది.

"యాదవ్వా!"

"దండం సారూ." చెయ్యి ఆగలేదు.

"నిన్న నేనన్నది తప్పు. నీ మీద పెట్టేశాను."

"ఔ." చీపురు ఇంకో బార ముందుకు సాగింది.

దుకాణం అరుగు పక్కకు ఆమె జరిగేదాకా ఆయన వెంట నడిచాడు. ఏమనాలో తెలియక, తనకు తెలిసిన ఒకే ఒక్క విషయం ఎత్తుకున్నాడు. "ఆ పిట్ట తలకిందులుగా దిగడం నువ్వు నిజంగా చూశావా?"

యాదవ్వ చీపురు ఆపింది. మొహం మీది కొంగు కిందికి లాగింది.

"తలకాయ కిందికా? గట్ల ఎవలన్నరు?"

"నువ్వే కదా, ఉల్టా అన్నావు."

"ఉల్టా అంటే తలకాయ కిందికి పెట్టుడా సారూ? మిగిలిన అన్నిటికి ఉల్టా అన్న. గదే చెప్పబోతి, మీరు ఆగమంటిరి." ఆమె చీపురు కర్ర పక్కనున్న దీపస్తంభానికి ఆనించి, మొదలు నుంచి పైకి, చుట్టూ తిప్పుతూ జరిపింది. "ఉడత ఎక్కుతది, దిగుతది. తొండ ఎక్కుతది, దిగుతది. వడ్రంగిపిట్ట సుత ఎనకకు ఎనకకు జర దిగుతది. గిది ఎక్కుడే గని దిగుడు లేదు. గిట్ల చుట్టూర తిరుక్కుంట పైకి పోతది. పైకి పోయినంక ఎగిరి," కర్రను గాలిలో తిప్పి, దుకాణం అరుగు స్తంభం అడుగున నేలకు తాకించింది, "ఇంకో చెట్టు మొదట్ల వాలుతది. మల్ల మొదటికెల్లి ఎక్కుతది."

మూర్తిగారు ఒక అడుగు దగ్గరికి వేశాడు. "రంగు?"

"మసి రంగు. దాని మీద తెల్ల చుక్కలు, ముగ్గుకు పెట్టినట్టు. బెరడు మీద ఆగితే మీకు దొరకది. ముక్కు సన్నగ, జర వంకర."

"తోక? తోకను చెట్టుకు ఆనించుతుందా?"

ఆమె కళ్ళు మూసుకుంది. ఆ పిట్టను లోపల మళ్ళీ ఒకసారి చెట్టెక్కించి చూసుకుంటోందని ఆయనకు తెలిసింది.

"వడ్రంగిది ఆనిస్తది. గిది ఆనియ్యది. కాళ్ళ మీదనే నడుస్తది."

స్పాటెడ్ క్రీపర్. పుస్తకంలో బొమ్మగా తప్ప ఆయన ఎన్నడూ చూడని పిట్ట. ఏ అడవిలోనో ఉండాల్సింది, దారి తప్పి నాంపల్లికి వచ్చింది. వచ్చినదాన్ని ఒక మనిషి చూసింది. బైనాక్యులర్స్ లేవు, పుస్తకం లేదు. ముక్కు, వెన్ను, తోక, నడక, ఒక్కటీ వదల్లేదు. తెలిసినంతే చెప్పింది, తెలియనిదాన్ని తెలియదంది. ఇరవై రెండేళ్ళుగా బృందంలో ఎవరికి ఏది నేర్పాలని ఆయన తంటాలు పడ్డాడో అది ఈమెకు ఎవరూ నేర్పకుండానే వచ్చు. మనసులోనే ఆయన ఆమెకు చేతులు జోడించాడు.

"తొమ్మిదిమందికి రెండు గంటల్లో కనబడనిది నీకెలా కనబడింది?"

"మీరందరు పైకి చూస్తరు సారూ. నేను కిందికి చూస్త. ఊడ్సేటోళ్ళ కండ్లు నేల మీదనే ఉంటయ్. గది మొదట్ల కదా వాలేది."

బస్సు ఒకటి వాళ్ళిద్దరి మీదా పొగ వదిలి పోయింది. మూర్తిగారు దగ్గి, తేరుకుని, "సురేందర్‌కు ఇప్పుడే ఫోన్ చేస్తాను. రేపటికల్లా నిన్ను తోటకు రమ్మనేలా..." అన్నాడు.

"ఫోన్ల చెప్పుడెందుకు?" యాదవ్వ గొంతు పెంచలేదు. "పన్నెండేండ్ల సంది గా చెట్ల కింద ఊడ్సిన. తోటలకు మల్ల రావాలని నాకు లేదా? ఉన్నది. గని అబద్ధాలది అన్న పేరుతోటి రాను. పది మందిల అన్నరు, పది మందిల చెప్పుండ్రి."

కొంగు మళ్ళీ మొహానికి చుట్టుకుని ఆమె డివైడరు వైపు వెళ్ళిపోయింది.

*

సోమవారం జనవరి ఇరవై ఆరు. తోటలో వాకర్ల సంఘం జెండా ఎగరేసింది. జనగణమన అయ్యాక, ఏటా ఉన్న ఆనవాయితీ ప్రకారం మూర్తిగారిని రెండు ముక్కలు మాట్లాడమన్నారు. ఆయన రెండు ముక్కలంటే ఇరవై నిమిషాలని తెలిసినవాళ్ళు ముందుగానే గట్టు మీద చోటు చూసుకుని కూర్చున్నారు. పక్షుల బృందం కూడా అక్కడే ఉంది. సురేందర్ బూందీ పొట్లాలు పంచుతున్నాడు.

మూర్తిగారు మైకు పట్టుకున్నాడు.

"గురువారం నేను నట్‌హాచ్‌ను చూశానని రాశాను. నేను చూడలేదు. ఏదో కదిలింది, అంతవరకే నాకు తెలుసు. యాదవ్వగారు చూశారు. ఆవిడ చెప్పేది పూర్తిగా వినకుండా నేను వేరే పేరు రాసి, కింద నా సంతకం పెట్టుకున్నాను. శనివారం అది బయటపడేసరికి తప్పు ఆవిడ మీదికి తోసి నవ్వించాను. ఆవిడ అబద్ధం చెప్పలేదు. అబద్ధం చెప్పింది నేను. అందుకు ఆవిడను రోడ్డు మీదికి పంపారు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరి చేతిలోనో బూందీ పొట్లం గరగరలాడింది. గట్టు మీద కోటేశ్వరమ్మ పైట సర్దుకుని, తిన్నగా కూర్చుంది.

ఆయన రిజిస్టరు తెరిచి గురువారం వరసను అడ్డంగా కొట్టేశాడు. యాదవ్వ చెప్పిన ఆనవాళ్ళన్నీ చదివి వినిపించాడు. వింటున్న కొద్దీ సంహిత కళ్ళు పెద్దవయ్యాయి.

"స్పాటెడ్ క్రీపర్ అంటే మామూలు సంగతి కాదు మూర్తిగారూ. రాయాలంటే ఫోటో కావాలి, లేదా ఇద్దరు చూడాలి. మీరు పెట్టిన నియమమే కదా."

"నా నట్‌హాచ్‌కు ఫోటో అడిగావా అమ్మా?"

"అడగలేదు," అంది సంహిత. "అడగాల్సింది."

"నియమం అందరికీ ఒకటే. ఇవాళ్టి నుంచి నాకూ అంతే. యాదవ్వగారి పేరు రాస్తాను. రెండో పేరు వచ్చేదాకా పక్క గడి ఖాళీగా ఉంటుంది."

సభ చెదిరాక సురేందర్ ఒక బూందీ పొట్లం పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చాడు. "సార్, గింత మందిల గట్ల చెప్పుకునుడు అవసరమా? నాకొక్కనికి చెప్తే అయిపోవు గద."

"నేను నవ్వించినప్పుడు నువ్వొక్కడివే లేవు కదా సురేందర్."

సురేందర్ బూటుతో మట్టి గీకాడు. తప్పు ఒప్పుకునే అలవాటు అతనికీ లేదు. "రేపటికెల్లి రమ్మంట సార్," అని, పొట్లం ఆయన చేతిలో పెట్టి వెళ్ళాడు.

*

మంగళవారం పొద్దున యాదవ్వ తోటలో ఉంది. దారులన్నీ ఊడ్చేసింది. మూడు చింతచెట్ల మొదళ్ళలో మాత్రం రాలిన ఆకును ముట్టలేదు.

"నిన్న చెప్పిన్రట గద," అంది. బాగా చెప్పారనీ అనలేదు, ఆలస్యంగా చెప్పారనీ అనలేదు. "గీడ కూసోండ్రి సారూ. నేల మీద. గా చెట్ల మొదలు దిక్కే చూడుండ్రి."

డెబ్బై ఏళ్ళ మోకాళ్ళు కటకటలాడుతుంటే మూర్తిగారు నేల మీద చతికిలబడ్డాడు. బైనాక్యులర్స్ ఒళ్ళో పెట్టుకున్నాడు. అరగంట గడిచింది. సురేందర్ తన తనిఖీకి వచ్చి, బండి దిగి, ఆకుల వైపు వేలు చూపించాడు.

"ఏందవ్వా, గీడ ఆకు ఇడిచినవ్..."

యాదవ్వ పెదవుల మీద వేలు పెట్టింది. మూర్తిగారు అతని ప్యాంటు పట్టుకుని కిందికి లాగాడు. ఏమీ అర్థంకాక సురేందర్ గొంతుక్కూర్చున్నాడు.

"అగో," అంది యాదవ్వ ఊపిరితో. "నడిమి చెట్టు. మొదట్ల. ఆకుకు జానెడు మీద."

మూర్తిగారు బైనాక్యులర్స్ ఎత్తాడు. ఎండ చెట్టుకు ఏటవాలుగా పడుతోంది. బెరడు, బెరడు నీడ, మళ్ళీ బెరడు. ఎడమకన్ను మూసి చూశాడు, కుడికన్ను మూసి చూశాడు.

"కనబడ్డది!" సురేందర్ గొంతు పిల్లవాడి గొంతైంది. "అవ్వా, బెరడే నడుస్తున్నట్టున్నది గదనే! తెల్లయి చుక్కలు... ముక్కు పగుళ్ళల్ల పెడుతున్నది సార్. ఏదో గుంజింది. తిన్నది."

"తోక చూడు," అన్నాడు మూర్తిగారు.

"ఆనిస్తలేదు సార్. అటు తిరిగింది... మల్ల ఇటొచ్చింది. ఎంత ముద్దుగ ఎక్కుతున్నది! మెల్లగ, గని ఆగుతలేదు. పైకి... ఇంకా పైకి... అగో, ఎగిరింది!"

"గా పక్క చెట్టు మొదట్ల చూడు," అంది యాదవ్వ, తల కూడా తిప్పకుండా.

"ఔనవ్వా! గాడనే వాలింది!"

వాళ్ళిద్దరి గొంతుల్లోంచి మూర్తిగారు ఆ పిట్టను మూడు చెట్లు ఎక్కించాడు. ఒళ్ళు పులకరించింది ఆయనకు. అది ఎగిరిపోయిందని ఇద్దరూ అన్నాక రిజిస్టరు తెరిచాడు. తేదీ, వేళ, చెట్టు, పిట్ట పేరు. 'చూసినవారు' అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో రాశాడు. యాదవ్వ, సురేందర్.

"నా పేరా సార్?" సురేందర్ వంగి చూశాడు.

"నువ్వు చూశావు కదా."

యాదవ్వకు చదువు రాదు. రెండు పేర్లే ఉన్నాయని మాత్రం ఆమె కనిపెట్టింది. "మీ పేరు ఏది సారూ?"

మూర్తిగారు పెన్నుకు మూత పెట్టాడు. పక్కన ఎవరున్నారో చూసుకోలేదు.

"నాకు కనబడలేదు యాదవ్వా. చుక్కలూ కనబడలేదు, ముక్కూ కనబడలేదు. ఎడమకంటికి బెరడులో దొరకలేదు, కుడికన్ను పోయింది. ఏడాదైంది."

యాదవ్వ చేతిలోని చీపురును చెట్టుకు ఆనించి నిలబెట్టింది. సూపర్‌వైజరు చూస్తుండగానే వచ్చి, ఆయనకు ఎడమపక్కన నేల మీద కూర్చుంది.

"మల్ల వస్తది సారూ. గీ ఎడమ కంటితోటి చూడుండ్రి. ఏడ వాలుతదో నేను చెప్త."

సురేందర్ జరిగి చోటిచ్చాడు.